ముందు మందు, ఆ తర్వాత గుండు

ఉద్యోగంలో చేరిన ఐదో నెలలో దేవిశ్రీని కర్టెన్ల నుంచి తుపాకులకు మార్చారు.

కోకాపేటలో ఇరవై ఆరు అంతస్తుల అద్దాల భవనం. అందులో పదకొండో అంతస్తులో, అమెరికా దుకాణాల తరఫున ఫోన్లు ఎత్తే కంపెనీ. మొదటి నాలుగు నెలలూ దేవిశ్రీ ఒక కర్టెన్ల దుకాణం ఫోన్లు చూసింది. ఎక్కడో ఒహాయోలో ఒక ఇల్లాలు కిటికీ కొలతలు చెప్పి, గోడలు లేత పసుపు అంటే, ఈమె ఇక్కడ కళ్లు మూసుకుని ఆ గదిని ఊహించుకుని, "అయితే ఆకుపచ్చ తీసుకోండి, ఎండ పడినప్పుడు బాగుంటుంది" అనేది. తణుకులో వాళ్లింట్లో కిటికీలకు పాత చీరలే కట్టేవారు. అయినా ఆ పని ఆమెకు ఇట్టే పట్టుబడింది. ఆగస్టులో ఆ దుకాణం ఒప్పందం వదులుకుంది. ఉన్నవాళ్లను తలా ఒక చోటికి సర్దితే, దేవిశ్రీ వంతుకు వేట సామాన్ల దుకాణం వచ్చింది.

"నాకు టపాకాయ కాల్చడమే భయం అవినాష్," అంది ఆమె.

అవినాష్ ఆ బృందానికి లీడ్. విజయవాడ మనిషి. మామూలుగా నెమ్మదస్తుడే గాని, నెలాఖరు దగ్గరపడే కొద్దీ గోళ్లు కొరుకుతాడు. "నువ్వు కాల్చక్కర్లేదు దేవీ. స్క్రిప్ట్ ఉంది. చూసి చదివెయ్," అన్నాడు.

మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. బూట్లు, గుడారాలు, బైనాక్యులర్లు తేలిగ్గానే అర్థమయ్యాయి. అర్థం కానిది ఒక్కటే, మజిల్‌లోడర్. మామూలు తుపాకీకి తూటా వెనక నుంచి పెడతారు. దీనికి గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో లోపలికి కూరి, అప్పుడు పేలుస్తారు. రెండు వందల ఏళ్ల నాటి పద్ధతి. అయినా అక్కడ చాలా రాష్ట్రాల్లో జింకల వేటకు దీనికంటూ విడిగా కొన్ని రోజులు కేటాయిస్తారట. ఒకే దెబ్బ. గురి తప్పిందా, మళ్లీ నింపుకునేసరికి జింక పక్క జిల్లాలో ఉంటుంది. అంత కష్టం చేతులారా ఎందుకు తెచ్చుకుంటారో దేవిశ్రీకి బోధపడలేదు.

మార్లీన్ ఫోన్ వచ్చింది శిక్షణ అయిన రెండో రోజున. ఇక్కడ పొద్దున్న ఆరున్నర, ఐడహోలో అంతకుముందు రోజు సాయంత్రం ఏడు.

"నా పేరు మార్లీన్. స్కూలు బస్సు నడుపుతాను. యాభై ఎనిమిదేళ్లు. నాకు ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురూ వేటగాళ్లు. నలభై ఏళ్లుగా వాళ్లు వేటకెళ్తుంటే నేను శాండ్‌విచ్‌లు కట్టిస్తున్నాను. ఈ ఏడు నలుగురం లాటరీలో పేర్లు వేశాం. మజిల్‌లోడర్‌తో జింకను కొట్టే అనుమతి నాకొక్కదానికే తగిలింది. వాళ్లకు తగల్లేదు."

ఆ చివరి మాట ఆవిడ ఎంత సంబరంగా చెప్పిందంటే, దేవిశ్రీకి కూడా నవ్వొచ్చింది.

"నా దగ్గర ఐదు వందల డాలర్లున్నాయి. తుపాకీ, మందు, గుండ్లు, అన్నీ అందులోనే రావాలి. ఇంతవరకు తుపాకీ ముట్టుకోలేదు. ఏది కొనమంటావు?"

దేవిశ్రీ స్క్రిప్ట్ అందుకుంది. ఆ నెల దుకాణం వాళ్లు గట్టిగా అమ్మమన్న సెట్టు ఒకటుంది. కొత్త తరహా తుపాకీ, పైన దుర్భిణి బిగించి ఉంటుంది, నాలుగు వందల డెబ్భై తొమ్మిది డాలర్లు. దాని గొప్పలన్నీ ఆమె గుక్క తిప్పుకోకుండా చదివింది.

మార్లీన్ ఓపిగ్గా వింది. "బాగానే ఉంది. రెండు సందేహాలు. నేను ఐదడుగులు కూడా ఉండను. అది నా చేతులకు సరిపోతుందా? ఇంకోటి, దాంట్లో ముందు ఏం పొయ్యాలి?"

స్క్రిప్ట్‌లో ఈ రెంటికీ జవాబు లేదు. దేవిశ్రీ పేజీ పైకీ కిందికీ జరిపింది. 

"అమ్మాయ్, ఉన్నావా?"

"ఉన్నానండి. నిజం చెప్పమంటారా? నాకు తెలియదు. పోయిన వారం దాకా నేను కర్టెన్లు అమ్మాను."

 మార్లీన్ నవ్విన నవ్వుకు దేవిశ్రీ హెడ్‌సెట్ చెవి మీంచి జరపాల్సి వచ్చింది. "నేను శాండ్‌విచ్‌ల దాన్ని, నువ్వు కర్టెన్ల దానివి. సరిపోయింది. కనుక్కుని రేపు ఇదే టైముకు నువ్వే చెయ్యి. ఈలోపు నేనెక్కడా కొనను."

మర్నాడు కంపెనీ క్యాబు దేవిశ్రీని నిజాంపేట హాస్టల్ నుంచి తెచ్చి ఐదుంబావుకే ఆఫీసు గేటు దగ్గర దించింది. షిఫ్టు ఆరింటికి. ఆ ముప్పావు గంట దేవిశ్రీ ఎప్పుడూ గేటు పక్కన చంద్రమ్మ ఇడ్లీ బండి దగ్గరే గడుపుతుంది. చంద్రమ్మ భర్త రాజయ్య ఆ భవనంలోనే మాలి. అరవై ఏడేళ్ల మనిషి, సన్నగా చువ్వలా ఉంటాడు. తెల్లారేలోపు మొక్కలకు నీళ్లు పట్టడం ముగించి, భార్య బండి దగ్గర చాయ్ తాగి మళ్లీ లోపలికి పోతాడు.

దేవిశ్రీ ఇడ్లీ పళ్లెం స్టూలు మీద పెట్టుకుని ఫోన్లో వీడియో చూస్తోంది. గడ్డం మనిషి ఒకడు గబగబా ఏదో చెబుతూ తుపాకీ నింపుతున్నాడు. నాలుగోసారి వెనక్కి తిప్పి చూస్తుండగా, రాజయ్య ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు.

"గిదేంది బిడ్డా, భర్మారా?"

"భర్మార్ అంటే ఏంటి తాతగారూ?"

"గదే, మూతిల మందు వోసే తుపాకి. మా నాయిన కాడ ఉండె. లైసెన్స్ తుపాకి. పల్లిచేన్ల మీద అడివిపందులు పడుతుండె, వాటిని బెదిరిచ్చేటందుకు సర్కారే ఇచ్చింది. ఇగో, మీరు కార్లు పెట్టే సెల్లార్ ఉన్నది సూడు, ఆడనే మా పల్లిచేను."

దేవిశ్రీ ఫోన్ పక్కన పెట్టేసింది. "తాతగారూ, దాంట్లో ముందు ఏం పొయ్యాలి?"

"ముందు మందు, ఆ తర్వాత గుండు." రాజయ్య అటూ ఇటూ చూసి, బండికి ఆనించిన చంద్రమ్మ గొడుగు తీసుకున్నాడు. పిడి నేలకు ఆనించి నిలబెట్టాడు. "గిది గొట్టం అనుకో. మందు ఉత్తగ వొయ్యద్దు, కొలిచి వొయ్యాలె. మీదికెళ్లి నూనె గుడ్డపేలిక, దాంట్ల గుండు. కడ్డీ వెట్టి మందును తాకేదాక దొబ్బాలె. నడుమల సందు ఉన్నదనుకో, గొట్టమే పలుగుతది. కడ్డీ మీద గీత గీసుకుంటే ఎంత లోపటికి వోయిందో ఎర్కైతది. గన్ని అయినంక, ఆఖరికి, సుత్తి కింద నిప్పు పుట్టిచ్చే రాగి టోపీ. టోపీ ముందే వెట్టినోడు మల్ల ఎన్నడు చెప్పేటందుకు ఉండడు."

"పొద్దుగాల గిరాకీ టైముల తుపాకి ఆటేందయ్యా," అంది చంద్రమ్మ చట్నీ గిన్నె మూత తీస్తూ. "గొడుగు ఇరగ్గొడితే నువ్వే కొనిస్తవు."

"తాతగారికి ఎంత తెలుసో," అంది దేవిశ్రీ.

"ఇగ జూడు. నలభై ఏండ్ల కెళ్లి సంసారం జేస్తున్న, నేనెన్నడన్న గారు అన్ననా? నువ్వనంగనే మురుస్తుండు."

రాజయ్య నిజంగానే మురిసిపోతున్నాడు. దేవిశ్రీ మార్లీన్ సంగతంతా చెప్పింది. అతను చాయ్ గ్లాసు చేతిలో తిప్పుతూ విన్నాడు.

"పొట్టి మనిషి అంటున్నవు. అయితె మోచేతి మడతల తుపాకి మడమ వెట్టి, ఏలు మీటకు అందుతదా లేదా సూడమను. అందకుంటె ఎంత మంచి తుపాకైనా దండగ. పైసలన్ని తుపాకి మీదనే వెట్టద్దని జెప్పు. సగం మందుకు, గుండ్లకు ఉంచుకోవాలె. నెల రోజులు కాగితం మీద కొట్టి కొట్టి చెయ్యి కుదిరినంకనే జానవారు మీద కొట్టాలె. లేకుంటె దానికి దెబ్బ తాకి సావక బతకక తిరుగుతది, పాపం. ఇంకోటి, గీ తుపాకి కొనుడు అల్కనే, కడుగుడే కష్టం. కాల్చిన దినమే ఏడి నీళ్లు, సబ్బు వెట్టి కడిగి నూనె రాయాలె. ఒక్క రాత్రి ఇడిసిపెట్టినా తుప్పు తింటది."

దేవిశ్రీ అన్నీ ఫోన్లో రాసుకుంది. రాసుకుని ఆగింది. "తాతగారూ, మొన్న యూనివర్సిటీ గోడ పక్కనుంచి వస్తుంటే చుక్కల జింకను చూశాను. ఎంత ముద్దుగా ఉందో. నేనేమో ఇప్పుడు ఒక జింకను చంపడానికి సాయం చేస్తున్నాను."

"ఈడ ముట్టుకుంటె జైలే. ముట్టుకోవద్దు గూడ, ఉన్నయే నాలుగు. ఆడ ఎట్లున్నదో మనకేం ఎర్క? ఆ అమ్మనే అడుగు." రాజయ్య లేచి గ్లాసు కడిగి పెట్టాడు. "అడిగినప్పుడు సర్కారు కాయిదం సంగతి గూడ అడుగు. మా నాయిన ఏటేటా ఠాణకు తుపాకి పట్టుకపోయి సూపిస్తుండె. ఏ తుపాకి ఉండాలె, ఏది ఉండద్దు అని వాళ్లకో లెక్క ఉంటది."

ఆ చివరి మాట దేవిశ్రీకి సీట్లో కూర్చున్నాక కూడా బుర్రలో తిరిగింది. ఆరున్నరకు మార్లీన్‌కు ఫోన్ చేయడానికి ముందు, ఇతర కాల్స్ మధ్య దొరికిన ఖాళీలో, ఐడహో ప్రభుత్వం వేట నిబంధనల పుస్తకం వెతికి తెరిచింది. మజిల్‌లోడర్లకు ఒక పేజీ ఉంది. మొదటిసారి చదివినప్పుడు తప్పుగా అర్థమైందనుకుంది. రెండోసారి వేలు పెట్టి చదివింది. ఆ ప్రత్యేక వేటలో దుర్భిణి ఉండకూడదు. సుత్తి బయటికి కనిపించాలి. మందు బిళ్లలుగా కాక పొడిగా ఉండాలి. మందు అంటించడానికి రాగి టోపీ బదులు కొత్త తరహా ప్రైమరు పనికిరాదు.

స్క్రిప్ట్‌లో ఉన్న నాలుగు వందల డెబ్భై తొమ్మిది డాలర్ల సెట్టుకు ఇందులో ఒక్కటీ కుదరదు. అది కొనుక్కుని అడవిలోకి వెళ్తే మార్లీన్‌కు జరిమానా పడుతుంది. నలభై ఏళ్ల తర్వాత చేతికొచ్చిన ఒక్క చీటీ వృథా అవుతుంది.

దేవిశ్రీ తలెత్తి అవినాష్ సీటు వైపు చూసింది. అతను గోళ్లు కొరుకుతున్నాడు. వచ్చే నెల ఆమెను పర్మినెంట్ చెయ్యాలా వద్దా అని రాయాల్సింది అతనే. ఆమె నీళ్లు తాగి నంబరు నొక్కింది.

"మార్లీన్ గారూ, నిన్న నేను చెప్పిన సెట్టు కొనకండి. మీ వేటకు అది చెల్లదు," అంటూ పేజీ నంబరుతో సహా చదివి వినిపించింది.

మార్లీన్ ఈల వేసింది. "నా తమ్ముడు డగ్ అచ్చం అలాంటిదే కొంటానని తిరుగుతున్నాడు. వాడికి ఇప్పుడే చెప్పను. మరి ఏది కొననూ?"

"ముందు ఒక టేపు తెచ్చుకోండి. మోచెయ్యి మడత నుంచి చూపుడువేలు మొదటి కణుపు దాకా కొలవండి."

పదమూడు అంగుళాలకు కాస్త తక్కువొచ్చింది. దేవిశ్రీ దుకాణం జాబితాలో ఒక్కొక్కటే వడపోసింది. పక్కన సుత్తి, చెక్క మడమ, మామూలు గురి గుర్తులు ఉన్నవి ఏడు మిగిలాయి. వాటిలో ఐదు పొడుగువి. మిగిలిన రెంటిలో ఒకదానికి ఇత్తడి పువ్వులు చెక్కి ఉన్నాయి, ఆ పువ్వులకే వంద డాలర్లు. రెండోది సాదాగా, బరువు తక్కువగా, మూడు వందల పది డాలర్లకే ఉంది. గొట్టం పొట్టిది, మడమ కూడా పొట్టిది.

"ఇది తీసుకోండి. మిగిలిన దాంతో రెండు డబ్బాల మందు, గుండ్లు, గుడ్డపేలికలు, టోపీలు, కొలత గొట్టం, కళ్లద్దాలు, చెవులకు మూతలు, కడిగే సామాను వస్తాయి. అడవికి వెళ్లేలోపు కనీసం నెల రోజులు కాగితం మీద కాల్చండి."

"నిన్న ఏమీ తెలియదన్నావు. ఒక్క రోజులో ఇదంతా ఎక్కడ నేర్చావు?"

"మా ఆఫీసు తోటమాలి చెప్పారండి. గొడుగుతో." దేవిశ్రీ గొంతు సవరించుకుంది. "మిమ్మల్ని ఒకటి అడగొచ్చా? జింకను చంపడం మీకు కష్టంగా ఉండదా?"

"ఉంటుందేమో. చూడాలి. ఇక్కడ జింకలు చాలా ఎక్కువ. ఏటా లెక్కబెట్టి, ఎన్ని తగ్గాలో అన్ని చీటీలే ఇస్తారు. ఒక జింక దొరికితే నాకు వేసవి దాకా మాంసం కొనే పని లేదు. సరదా కాదని మాత్రం చెప్పను. కొంత సరదా ఉంది, అబద్ధమెందుకు?"

ఆ జవాబు దేవిశ్రీకి నచ్చింది. ఆర్డరు రాసుకుంది. కాల్ నలభై ఒక్క నిమిషం నడిచింది. ఏ కాల్ అయినా పన్నెండు నిమిషాలు దాటకూడదని నియమం.

మర్నాడు అవినాష్ ఆమెను అద్దాల గదిలోకి పిలిచాడు. రికార్డింగు విన్నాడట.

"దేవీ, సెట్టు అమ్మమని చెప్తే, సెట్టు కొనొద్దని నువ్వే చెప్పావు. నలభై ఒక్క నిమిషాలు. పైగా గొడుగేంటి, తోటమాలేంటి?"

 దేవిశ్రీ ల్యాప్‌టాప్ తిప్పి ఆ పేజీ చూపించింది. అవినాష్ చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత తన కంప్యూటర్‌లో వాపసుల జాబితా తెరిచి ఐడహో అని కొట్టాడు. పోయిన ఏడాది ఆ సెట్లు ఆ ఒక్క రాష్ట్రం నుంచే పదకొండు వెనక్కి వచ్చాయి. కారణం గడిలో అందరూ ఒకేలా రాశారు. మా వేటకు పనికిరాదు.

"ఇన్నాళ్లూ ఇది ఎవరూ చూడలేదా?" అన్నాడు అవినాష్. ఆ మాట ఆమెను కాదు, తనను తానే అడుగుతున్నట్టు ఉంది. చాలాసేపటికి గోరు నోట్లోంచి తీశాడు. "ఆ పేజీ నాకు పంపు. దుకాణం వాళ్లకు నేను మెయిల్ పెడతాను, నీ పేరుతో. ఇంకా ఏ రాష్ట్రాలకు ఇలాంటి తిరకాసులున్నాయో ఒక జాబితా చేసి ఇస్తావా?"

దేవిశ్రీ ఆ గదిలోంచి వచ్చి, మెట్ల దగ్గరికి పోయి, ఎవరూ లేరని చూసుకుని రెండు గెంతులు గెంతింది.

వారం తిరిగేలోపు దుకాణం వాళ్లు తమ పేజీలో హెచ్చరిక పెట్టారు, స్క్రిప్ట్ మార్చారు. ఆ తర్వాత నాలుగు రోజులకు తుపాకీ మార్లీన్ ఇంటికి చేరింది. ఆమె ఫోన్ చేసి కోరింది ఒక్కటే. వీడియోలో ఆ గొడుగు పాఠం తనకూ కావాలి.

వీడియోలో వస్తువు వాడకం చూపించే సౌకర్యం దుకాణానికి ముందే ఉంది. దాన్ని గొడుగుతో ఎవరూ వాడలేదంతే. అవినాష్ కాసేపు తల గోక్కుని, సరే, పావుగంట అన్నాడు.

చంద్రమ్మ ఇంటికి మనిషిని పంపి ఇస్త్రీ చొక్కా తెప్పించింది. రాజయ్య నెత్తికి నూనె రాసుకుని, విజిటర్ కార్డు మెళ్లో వేసుకుని పదకొండో అంతస్తుకు వచ్చాడు. పదేళ్లుగా ఆ భవనం చుట్టూ మొక్కలు పెంచుతున్నా లోపల లిఫ్టు ఎక్కడం అదే మొదలు. కిటికీ దగ్గరికి పోయి, రెండు చేతులూ అద్దానికి ఆనించి కిందికి చూశాడు.

"గప్పుడు గింత ఎత్తుల మంచె ఉంటే," అన్నాడు, "పందులు ఎటుకెళ్లి వస్తున్నయో ముందే కనవడుతుండె."

తెర మీద మార్లీన్ కనిపించింది. గుండ్రటి ముఖం, తెల్లటి పొట్టి జుట్టు, వెనక గరాజులో వేలాడుతున్న సైకిలు. ఆ రోజు మందు లేదు, ఉత్త సాధనే. ఇటు రాజయ్య గొడుగు నిలబెట్టాడు. అటు మార్లీన్ కొత్త తుపాకీ నిలబెట్టింది. మధ్యలో దేవిశ్రీ తెలంగాణ మాటను ఇంగ్లీషులోకి, ఇంగ్లీషును తణుకు తెలుగులోకి తిప్పుతోంది. ఖాళీగా ఉన్నవాళ్లంతా కుర్చీలు జరుపుకుని చేరారు.

"ముందు మందు," అన్నాడు రాజయ్య.

"పొద్దున్నే మందేంటి తాతా," అన్నారు వెనక నుంచి ఎవరో, అందరూ గొల్లుమన్నారు. ఎందుకు నవ్వారో దేవిశ్రీ మార్లీన్‌కు వివరించింది. ఆవిడ రెండు నిమిషాలు ఆలస్యంగా, అందరికంటే ఎక్కువ నవ్వింది.

నవ్వుతూ నవ్వుతూ, కడ్డీ ఎంత లోపలికి వెళ్లిందో చూద్దామని గొట్టం మూతి మీదికి వంగింది.

"ఏయ్, మొకం పక్కకు తియ్యి," అని రాజయ్య గట్టిగా కసిరాడు.

దేవిశ్రీ నోరు తెరిచేలోపే మార్లీన్ ముఖం పక్కకు తిప్పేసింది. 

"ఏమన్నారో నాకర్థమైంది," అంది మార్లీన్ మెల్లగా. "బస్సులో పిల్లల్ని నేనూ అదే గొంతుతో కసురుతాను."

రాజయ్య తలూపాడు. "ఉత్త తుపాకైనా నిండిందే అనుకోవాలె అని జెప్పు. అలవాటు గదే కాపాడుతది. పైలం మాలినమ్మా."

అప్పటి నుంచి ఆవిడ మాలినమ్మే. పావుగంట పాఠం యాభై నిమిషాలు నడిచింది. అవినాష్ గడియారం చూసుకోవడం మరిచిపోయి, చివర్లో తానే అడిగి గొడుగుతో ఒకసారి నింపి చూశాడు. టోపీ ముందు పెట్టబోయి రాజయ్య చేత చీవాట్లు తిన్నాడు.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ప్రతి సోమవారం పొద్దున్న ఒక ఫోటో వచ్చేది. యాభై గజాల దూరంలో కాగితం పళ్లెం, దానికి చిల్లులు. మొదటి వారం పళ్లెం చుట్టూ ఉన్న చెక్కకే చిల్లులు, పళ్లెం శుభ్రంగా ఉంది. రాజయ్య ఫోటో దగ్గరగా పట్టుకుని చూసి, "మీట గుంజుతున్నది. గుంజద్దు, పిండాలె. ఊపిరి సగం ఇడిసి ఆపాలె," అనేవాడు. దేవిశ్రీ రాసి పంపేది. ఆరో వారానికి ఐదు చిల్లులూ పళ్లెం మధ్యలో పడ్డాయి. ఆ ఫోటోను చంద్రమ్మ బండి అద్దానికి అతికించింది. ఇడ్లీ తినడానికి వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే, "మా మాలినమ్మ గురి," అని చెప్పేది. అక్టోబరులోనే దేవిశ్రీకి పర్మినెంట్ కాగితం వచ్చింది. తణుకు ఫోన్ చేసి, తను వేట సలహాదారునని చెబితే వాళ్ల నాన్న రామబ్రహ్మం గారు రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు.

నవంబరులో వేట మొదలైన రోజు నుంచి మార్లీన్ కబురు లేదు. ఒకరోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. క్యాబు ఆగేసరికి రాజయ్య రోజూ గేటు దగ్గరే నిలబడి ఉండేవాడు. దేవిశ్రీ దూరం నుంచే తల అడ్డంగా ఊపేది.

ఆరో రోజున ఆమె క్యాబులోంచి దూకినట్టు దిగింది. బండి దగ్గరికి వచ్చి, స్టూలు లాక్కుని, మార్లీన్ గొంతు సందేశం పెట్టి ముక్క ముక్కకూ ఆపి చెప్పసాగింది. మొదటి రెండు రోజులు మంచు, జింక జాడే లేదు. మూడో రోజు మగ జింక ఒకటి కనిపించింది గాని చాలా దూరం, కొట్టకుండా వదిలేసింది. నాలుగో రోజు మధ్యాహ్నం, ఒక ఆడ జింక వాగు దాటి నలభై అడుగుల్లోకి వచ్చి ఆగింది. ఊపిరి సగం విడిచింది. మీట పిండింది. తెల్లటి పొగ కమ్మేసి ఏమీ కనపడలేదు. పొగ తేలిపోయాక చూస్తే జింక ఉన్న చోటే పడి ఉంది, ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. అక్కడే మంచులో కూర్చుని కాసేపు ఏడ్చానని, ఎందుకో తనకే తెలియదని, తర్వాత లేచి పని చూసుకున్నానని ఆవిడ చెప్పింది.

"తుపాకి కడిగిందా?" అన్నాడు రాజయ్య.

"ఇంటికి రాగానే, బూట్లు విప్పకముందే కడిగిందట."

రాజయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "బంగారం," అన్నాడు. "మా నాయిన ఉంటే మెచ్చుకుంటుండె."

చంద్రమ్మ ఆలోచన వేరే దారిలో ఉంది. "గంత మాంసం ఎట్ల వండుతదట?"

దేవిశ్రీ అడిగింది. ఉప్పు, మిరియాలు చల్లి పెనం మీద కాలుస్తానని జవాబొచ్చింది. చంద్రమ్మ ఇడ్లీ పాత్ర మంట తగ్గించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గంతేనా? నాలుగు దినాలు చలిల కూసుండి తెచ్చుకున్నదానికి ఉప్పు, మిరియాలా? రాసుకో బిడ్డా." అల్లం వెల్లుల్లి ముద్ద, గసగసాలు, ఎండు కొబ్బరి, ధనియాల పొడి, కారం. ముక్క గట్టిగా ఉంటుంది కాబట్టి పెరుగులో రాత్రంతా నానబెట్టి, సన్న మంట మీద మూత పెట్టి రెండు గంటలు. కారం ఎంత అని దేవిశ్రీ అడిగితే, మామూలుగా అంది. మామూలు అంటే ఎంతో ఐడహోకు చెప్పడం కష్టమని, దేవిశ్రీ తన బుద్ధితో సగానికి తగ్గించి రాసింది. దినుసులు ఊళ్లో దొరక్క మార్లీన్ బోయిసీ నగరం దాకా బండి నడుపుకుంటూ వెళ్లి ఇండియా కొట్లో కొనుక్కొచ్చింది.

సోమవారం పొద్దున్న ఫోటో వచ్చింది. అందులో కాగితం పళ్లెం లేదు. బల్ల చుట్టూ ముగ్గురు భారీ మనుషులు, ముక్కులు ఎర్రగా, కళ్ల వెంట నీళ్లు, ముందు నాకేసినంత శుభ్రంగా ఖాళీ గిన్నెలు. వాళ్ల వెనక నిలబడి గరిటె పట్టుకుని మార్లీన్.

దేవిశ్రీ కింద రాసింది చదివి వినిపించింది. "నీళ్లు ఒక జగ్గు తాగారు, కూర మాత్రం వదల్లేదు. డగ్ మూడుసార్లు వేయించుకున్నాడు. కొట్టడం ఎవరు నేర్పారని మా పెద్దన్న అడిగాడు. హైదరాబాద్‌లో రాజయ్య అనే ఆయన అన్నాను. వండటం ఎవరు నేర్పారన్నాడు. వాళ్లావిడ చంద్రమ్మ అన్నాను. మా అన్న గిన్నె అడుగు దాకా తుడిచి తిన్నాడు. ఆ తర్వాత, వాళ్లకు చేపల గురించి కూడా ఏమైనా తెలుసేమో కనుక్కో అన్నాడు."

రాజయ్య పగలబడి నవ్వాడు. చంద్రమ్మ నవ్వలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, గిరాకీని కాసేపు ఆగమని సైగ చేసి, దేవిశ్రీ ఎదుట స్టూలు వేసుకుని కూర్చుంది.

"చాపనా? ఏం చాప? ముండ్లు ఎక్కువుంటయా, తక్కువుంటయా? ముందు అది అడుగు. చింతపండు దొరుకుతదా ఆడ?"

"దొరుకుతుంది లెండి, అదే కొట్లో," అంది దేవిశ్రీ ఫోన్ మీద వేళ్లు ఆడిస్తూ. "మీరు నెమ్మదిగా చెప్పండి, నేను రాసుకుంటాను."